రెండు రూపాయల నడుమ బాటసారి

పరదేశమునకు పోవువాడు తన ఊరి పైకమునే మూటగట్టుకొని పోవలెనా, లేక అచ్చట చెల్లు నాణెమును ముందుగా సంపాదించుకొని పోవలెనా? ఇది విమానమెక్కువారికి మాత్రమే కలుగు సందేహమని మనము తలంతుము. కాని తెలుగువారిలో సగము మందికి సముద్రము దాటకయే, ఎడ్లబండి ప్రయాణములోనే ఈ ప్రశ్న ఎదురగుచుండెను. సూర్యాపేటలో బయలుదేరి బెజవాడకు పెండ్లికి పోవు కుటుంబము 1948కి పూర్వము రెండు ప్రభుత్వముల నేలపై నడిచెడిది; రెండు రూపాయలతో బేరమాడెడిది. ఒకటి నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా. రెండవది బ్రిటిషు ఇండియా రూపాయి. దీనిని నైజాము ప్రజలు కల్దారు అనిరి. కల అనగా యంత్రము. యంత్రముపై అచ్చయినది గనుక కల్దారు. తరువాతి కాలమున హాలీ రూపాయిని గూడ యంత్రములే ముద్రించినను, ఆ పేరు మాత్రము తెల్లదొరల రూపాయికే నిలిచిపోయెను.

ఆ బాటలోనే మునగాల పరగణా ఒకటి. చుట్టును నిజాము రాజ్యము, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన ఈ తునక. అనగా బాటసారి హాలీ సీమ విడిచి కల్దారు సీమలో అడుగిడి, మరల హాలీ సీమకు వచ్చి, తిరిగి కల్దారు సీమకు చేరవలెను. చట్టము మాట అది. ఎల్లయందలి కోమటి మాత్రము రెండింటిని పుచ్చుకొనెడివాడు. ఏ ధరకు పుచ్చుకొనెడివాడు అనునదే అసలు కథ.

ప్రభుత్వపు మారకము నూరు కల్దారులకు నూట పదునారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు హాలీ. వినుటకు ఇది తిక్కలెక్కవలె తోచును. గాని విడదీసి చూచిన యెడల సరిగా ఏడు హాలీలకు ఆరు కల్దారులు. ఈ ఏడును ఆరును ఎవరో అధికారి తోచినట్లు వ్రాసిన అంకెలు కావు. చార్మినారు బొమ్మ గల హాలీ రూపాయి తూకము 11.18 గ్రాములు, అందు వెండి నూటికి ఇంచుమించు 82 పాళ్లు. కల్దారు తూకము 11.66 గ్రాములు, అందు వెండి నూటికి 91 పాళ్లకు పైన. గుణించి చూడుడు. ఏడు హాలీలలోని వెండియు, ఆరు కల్దారులలోని వెండియు చెరి 64 గ్రాములకు వచ్చును. త్రాసు చెప్పిన మాటనే మారకపు పట్టికయు చెప్పినదన్నమాట.

పెద్ద మొత్తములలో ఈ లెక్క ధర్మముగనే నడచెను. చిల్లరలో నడువలేదు. అణాకు పండ్రెండు పైసలు గదా. ఒక కల్దారు అణాను హాలీలోనికి మార్చినచో సరిగా పదునాలుగు పైసలు. అనగా అణా రెండు పైసలు. మిగులు లేదు, తగులు లేదు. ఇక హాలీ అణాను కల్దారులోనికి మార్చి చూడుడు. పది పైసలు, ఆపైన ఒక పైసలో ఏడింట రెండు పాళ్లు. ఆ రెండు పాళ్లకు నాణెమేది? ఏ టంకశాలయు దానిని ముద్రింపలేదు. బెజవాడ నుండి వచ్చినవాడు లెక్క తెగకొట్టుకొని పోయెను. సూర్యాపేట నుండి పోయినవాని లెక్కలో ప్రతి అణాకు ఒక తోక మిగిలెను. ఆ తోక ఎవరి గల్లాపెట్టెలో పడెనో చెప్పనక్కఱలేదు. ఉప్పునకు, చింతపండునకు, రేవు దాటు పడవవానికి ఇచ్చు సొమ్ము అణాలలోనే యుండును గాని నూర్లలో నుండదు గదా. అందుచేత మారకపు నష్టము ధనికుని కంటె కూలివానినే ఎక్కువగా కొఱికెను.

హాలీ అను మాటకు ‘ఇప్పటిది, నేడు చెల్లునది’ అని అర్థము. నాణెమునకు ఇట్టి పేరేల? మొగలుల నాటి వాడుక ఇది. ఆ యేట అచ్చయిన రూపాయి సిక్కా; దానికి నిండు వెల. ఏండ్లు గడచిన రూపాయికి, వెండి అంతయు నున్నను, షరాబు వట్టము కోసికొనెడివాడు. ఇంటి నాణెమునకే ఈ గతి పట్టగా పొరుగు నాణెము మాట చెప్పవలెనా! ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో గోలకొండ రాజుగారి ఓడపై మచిలీపట్టణమున దిగెను. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున ఈ సంగతులను ఓపికగా వ్రాసినాడు. మొగలు రేవులలో దిగు పరదేశపు వెండి బంగారములు టంకశాలకు పోయి రూపాయలుగా మారవలసినదే. గోలకొండ సీమలో మఱియొక వింత. అచ్చట వరహాలు రెండు విధములు, పాతవి, క్రొత్తవి. బంగారములో చెప్పదగిన భేదము లేకున్నను పాత వరహాకే వెల హెచ్చు. పాతవానిని కరగించినచో దేశమునకు అరిష్టమని షరాబులు నమ్మిరనియు, కరగింపకుండుటకై రాజునకు ఏటేట సొమ్ము చెల్లించిరనియు ఆతడు వ్రాసెను. అది భక్తియో వ్యాపారమో మేము నిర్ణయింపజాలము. ఒక్కటి మాత్రము నిజము. రెండు వరహాలు చలామణిలో నున్నంత కాలము వానిని మార్చువానికి పని యుండును. ఒకటే యైనచో ఉండదు.

నిజాములు 1857 వరకు మొగలు చక్రవర్తి పేరుననే నాణెములు ముద్రించిరి. ఢిల్లీలో ఆ గద్దె కూలిన పిమ్మట 1858 నుండి అసఫ్‌జా పేరు నాణెముపైకెక్కెను. బ్రిటిషువారు పక్కనే సికింద్రాబాదులో సైన్యముతో కూర్చుండిరి. అచ్చట వారి రూపాయి, వారి తపాలా. హైదరాబాదులో నిజాము రూపాయి, నిజాము తపాలా. నిజాము బిళ్ల రాజ్యము దాటి చెల్లదు. మద్రాసునకు ఉత్తరము వ్రాయదలచినవాడు బ్రిటిషు తపాలా కచేరికే పోవలెను. ఒకే ఊరిలో కాలువ దాటినట్లు రాజ్యములు దాటవలసి వచ్చెను.

1893లో బ్రిటిషు ప్రభుత్వము తన టంకశాలలను ప్రజల వెండికి మూసివేసెను. అంతట కల్దారు విలువ వెండి ధరతో సంబంధము తెంచుకొని నిలద్రొక్కుకొనెను. హాలీ మాత్రము వెండితో బాటు ఊగులాడెను. మహబూబ్ అలీఖాను కాలమున చార్మినారు రూపాయి వచ్చి, మారకమును సర్కారు కట్టుదిట్టము చేసిన పిదపగాని ఊగులాట తగ్గలేదు.

మొదటి ప్రపంచ యుద్ధమున వెండి కఱవయ్యెను. 1918లో నిజాము ప్రభుత్వము కాగితపు నోట్లను దింపెను. అవి లండనులో అచ్చయి ఓడలపై వచ్చెడివి. ఇచ్చట ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1922 మే 20వ తేదీన ఈజిప్టు అను ఓడ బొంబాయికి వచ్చుచు, ఫ్రాన్సు తీరమున మంచులో మఱియొక ఓడ ఢీకొని మునిగెను. అందు పది లక్షల పౌనులకు మించిన బంగారము, వెండి. వానితో బాటు నిజాము నోట్ల కట్టలు. పదేండ్ల తరువాత ఇటలీ దేశపు మునిగీతగాండ్రు నాలుగు వందల అడుగుల లోతున బంగారమునకై వెదకగా ముందుగా చేతికి వచ్చినవానిలో ఈ నోట్లు కలవు. వానిపై ఇంకను అధికారుల సంతకములు పడలేదు. కనుక అవి కాగితములే గాని పైకము కాదు. నేడు పాత నోట్లు సేకరించువారు ఆ నీటిమరకల కాగితములకు మంచి వెల పెట్టుచున్నారు.

నిజాము నోటుపై ఉర్దూతో బాటు తెలుగును, కన్నడమును, మరాఠీయు నుండెను. బడిలో చోటు దొరకని తెలుగునకు నోటుపై చోటు దొరకెను! హాలీని గూర్చి అభిమానముతో ముచ్చటించు పెద్దలను మేము ఎఱుగుదుము. చార్మినారు రూపాయి అందమైనదే. ఆ అభిమానమును తప్పుపట్టము. కాని సొంత నాణెము రాజునకు ఎంత గౌరవమో, ఎల్లదాటు ప్రజకు అంత సుంకమని మా తలంపు. ఆ సుంకము ఎంత బరువు కాగలదో 1947లో తేటపడెను.

ఆ యేడు నవంబరు 29న నిజాము భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. కొలది వారములకే ఆయన ప్రభుత్వము రెండు ఆర్డినెన్సులు చేసెను. ఒకటి బంగారు వెండులు రాజ్యము దాటి భారతదేశమునకు పోరాదనునది. రెండవది భారత రూపాయి రాజ్యమున చట్టరీత్యా చెల్లదనునది. ఇది ఒడంబడికకు విరుద్ధమని ఢిల్లీ ఆక్షేపించెను. రాజనీతి గ్రంథములలో ఇది రెండు ప్రభుత్వముల తగవుగా కనబడును. ఎల్లయందలి తెలుగువారికి అది చేతిసంచిలోని తగవు. ఆ నెలలలో రజాకార్ల భయమున వేలకొలది కుటుంబములు ఇల్లు వాకిలి విడిచి కృష్ణా, గుంటూరు జిల్లాలకు తరలివచ్చెను. వారు తెచ్చుకొన్నది ఏమి? కొంగున ముడివేసిన హాలీ సొమ్ము. పరుగెత్తివచ్చినవానికి ఖజానా పట్టికను అడుగు తీరికయు లేదు, వేఱొక అంగడికి పోవు ఓపికయు లేదు. ఏడునకు ఆరు అని చట్టము చెప్పవచ్చును. ఆకలిగొన్న బిడ్డను చంకనెత్తుకొని నిలుచున్న తల్లికి ఎదుటివాడు చెప్పినదే మారకము.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగెను. 1950 నుండి భారత రూపాయి హాలీ పక్కన చలామణి కాజొచ్చెను. లెక్క అదే, ఏడునకు ఆరు. అప్పటికి రెండు రూపాయలలోను పాటి వెండి కరగిపోయెను. 1940లో కల్దారు సగము వెండి అయ్యెను. 1947లో నికెలు అయ్యెను. త్రాసు పోయినను త్రాసు చెప్పిన మాట మిగిలెను. తుదకు 1959లో హాలీ రద్దయ్యెను.

చిత్రమేమనగా, ఇంట ఒక పర నాణెము అంతరించిన ఆ 1959లోనే మన రూపాయి బయట దేశములకై వేఱు వేషము తాల్చెను. కువైటు, బహ్రేను, కతారు మొదలగు గల్ఫు సీమలలో అంతవరకు మన రూపాయియే వాడుక నాణెము. ముత్యముల వర్తకులును, ఖర్జూరపు వర్తకులును దానినే పుచ్చుకొనిరి. అయితే ఆ మార్గముననే బంగారము దొంగచాటుగా మన తీరములకు చేరుచుండెను. దానికై వెళ్లిన రూపాయలు తిరిగి రిజర్వు బ్యాంకు ముందునకు వచ్చి స్టెర్లింగు అడుగుచుండెను. అందుచేత గల్ఫునకు వేఱు నోట్లు ముద్రించిరి. రంగు మారెను, అంకె ముందు ‘జెడ్’ అను అక్షరము చేరెను. హజ్ యాత్రికులకు గూడ ప్రత్యేకముగా పది రూపాయల, నూరు రూపాయల నోట్లు పుట్టెను. యాత్రికుడు వానిని ఇచ్చట కొనుక్కొని, హిజాజులో రియాలులుగా మార్చుకొనవలెను. మన దేశమున అంగడిలో అవి చెల్లవు. తన దేశపు నోటే, తన దేశమున చెల్లని నోటు! పోవుచోటి సొమ్ము కొనవలెనా, తన సొమ్ము తీసికొనిపోవలెనా అను పాత ప్రశ్నకు ప్రభుత్వము చెప్పిన నడిమి జవాబు ఇది. ఇందు తెలివి లేదనలేము.

అయినను గల్ఫు నోటు ఎక్కువ కాలము నిలువలేదు. కువైటు 1961లో, బహ్రేను 1965లో తమ దీనారులను తెచ్చుకొనెను. 1966 జూన్ 6న మనవారు రూపాయి విలువ తగ్గించిరి. అంతవరకు 4 రూపాయల 76 పైసలకు వచ్చిన డాలరు ఏడున్నర రూపాయలయ్యెను. ఆ నిర్ణయము ఢిల్లీలో జరిగెను. దాని దెబ్బ దుబాయి వర్తకుని పెట్టెలోని రూపాయికి గూడ తగిలెను. అతనిని ఎవరును సంప్రదింపలేదు; సంప్రదింపవలసిన పనియు లేదు. కతారు, దుబాయి, అబూదాబీలు ఆ యేడే మన రూపాయిని విడిచిపెట్టెను. ఒమాను 1970 వరకు ఉంచుకొనెను.

మన పొరుగున నేపాళములో నూరు భారత రూపాయలకు నూట అరువది నేపాళ రూపాయలను లెక్క 1993 నుండి కదలక నిలిచియున్నది. పశుపతినాథుని దర్శించు యాత్రికులు అచ్చట మన నోటునే ఇచ్చుటకు అలవాటుపడిరి. మన దేశమున కూలిచేసి పోవు నేపాళీయులు మన నోట్లనే ఇంట దాచుకొనిరి. 2016 నవంబరు 8 రాత్రి మన ప్రభుత్వము 500, 1000 రూపాయల నోట్లను రద్దుచేసెను. మనవారు బ్యాంకుల ముందు వరుసలు కట్టి మార్చుకొనిరి. నేపాళములోని వారికి ఆ వరుసయు లేకపోయెను. ఆ నోట్ల కట్టలు కాఠ్మండు బ్యాంకులలో ఏండ్ల తరబడి మారకము లేకయే పడియుండెను.