నీడ లేని ఫొటో కోసం

సినిమాలోనో వీడియో గేములోనో కంప్యూటర్ కట్టిన కోట గోడ నిజం రాతిగోడే అనిపించిందంటే, అందులో సగం ఘనత దానిపై పరిచిన ఫొటోది. త్రీడీ మోడల్ మొదట ఒట్టి ఆకారమే. రంగు, గరుకుదనం, నాచు, తుప్పు, వానచారలు అన్నీ తర్వాత బొమ్మల రూపంలో దానికి అతుకుతారు. ఈ పనినే టెక్స్చరింగ్ అంటారు. దానికి ఎలాంటి ఫొటో పనికొస్తుందన్న ప్రశ్నకు ఈ యాభై ఏళ్లలో జవాబు తలకిందులైంది.

ఈ పద్ధతి పుట్టింది 1974లో. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్‌మల్, వంపు తిరిగిన ఉపరితలం మీద చదునైన బొమ్మను ఎలా పరచవచ్చో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో చూపించారు. ఉపరితలం మీది ప్రతి బిందువుకూ బొమ్మలో ఒక చోటు కేటాయించడమే అందులోని కిటుకు. తర్వాతి కాలంలో పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరైంది ఈయనే. 1978లో జేమ్స్ బ్లిన్ మరో అడుగు వేశారు. ఆకారాన్ని ముట్టుకోకుండా, వెలుగు లెక్కను మాత్రమే మార్చి, నున్నటి ఉపరితలం ముడతలు పడినట్టు చూపించారు. ఫొటోల ఎంపికలో అసలు మలుపు ఇక్కడే మొదలైందని నా నమ్మకం. గుంటలో నీడ ఎక్కడ పడాలో కంప్యూటరే తేల్చగలిగితే, ఆ నీడను ఫొటో మోసుకురావాల్సిన పని లేదు.

అయితే ఆ లెక్కలన్నీ వేసే శక్తి మామూలు కంప్యూటర్లకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మెమొరీ కూడా కరువే. 1983లో లాన్స్ విలియమ్స్ ఒకే బొమ్మను సగం, పావు, ఇలా చిన్న కొలతల్లోకి ముందే కుదించి పెట్టుకునే మిప్‌మ్యాప్ పద్ధతి చెప్పారు. దూరంగా ఉన్న గోడకు చిన్న బొమ్మ, దగ్గరి గోడకు పెద్ద బొమ్మ వాడతారన్నమాట. అదనంగా అయ్యే మెమొరీ మూడో వంతే. అయినా పెద్ద గోడంతటికీ సరిపడే ఫొటో ఎక్కడిది? ఒక చిన్న ముక్కనే పక్కపక్కన పేర్చేవారు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు, కొట్టొచ్చినట్టు కనపడే మరక ఉన్న ఫొటో జోలికి వెళ్లరు. అదే మరక నాలుగడుగులకోసారి కనిపిస్తే గుట్టు రట్టయినట్టే.

2001లో వచ్చిన మాక్స్ పేన్ వీడియో గేమ్ ఆ కాలపు కష్టానికి మంచి సాక్ష్యం. ఫిన్లాండ్‌కు చెందిన రెమెడీ బృందం న్యూయార్క్ వెళ్లి అక్కడి వీధులను, గోడలను ఫొటోలు తీసుకొచ్చింది. కథానాయకుడి ముఖానికి వాడింది రచయిత సామ్ లేక్ ముఖం ఫొటోలనే.

ఇప్పుడొక ఇటుక గోడను దగ్గరగా చూద్దాం. సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే ప్రతి ఇటుక పక్కనా సన్నటి నీడగీత పడుతుంది, సిమెంటు సందులు లోతుగా కనిపిస్తాయి. గోడకు తగిలించుకోవడానికి అద్భుతమైన ఫొటో. దాన్నే మోడల్‌కు అతికి, అవతలి వైపు నుంచి దీపం పెట్టండి. వెలుగు ఎడమ నుంచి వస్తుంటే ఇటుకల నీడలు కూడా ఎడమకే పడి ఉంటాయి. కారణం చెప్పలేకపోయినా చూసేవాడి కన్ను ఒప్పుకోదు. అదే గోడను మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఎదురుగా నిలబడి తీస్తే ఫొటో చప్పగా వస్తుంది. కావలసింది ఆ చప్పటి ఫొటోనే.

మరో దారి తొక్కినవారు పాల్ డెబెవెక్. 1996లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకుడిగా ఆయన, కొన్ని ఫొటోల నుంచే భవనం ఆకారాన్ని రాబట్టే ఫసాడ్ పద్ధతిని సహచరులతో కలిసి ప్రకటించారు. మరుసటి ఏడాది అదే పద్ధతిలో బర్క్‌లీ గంటస్తంభం మీద చిన్న చిత్రం తీశారు. పైనుంచి కనిపించే దృశ్యాల కోసం గాలిపటానికి కెమెరా కట్టి ఎగరేశారు. ఆ పద్ధతిలో ఒకే గోడకు చాలా ఫొటోలుంటాయి. చూసే కోణం మారినకొద్దీ ఆ కోణానికి దగ్గరి ఫొటోలను కంప్యూటరే ఏరి కలుపుతుంది. ది మేట్రిక్స్ (1999)లో, తూటాలు నింపాదిగా సాగే సన్నివేశాల వెనుక కనిపించే నగరాన్ని ఈ దారిలోనే తయారుచేశారు.

2012లో డిస్నీకి చెందిన బ్రెంట్ బర్లీ, రెక్-ఇట్ రాల్ఫ్ సినిమా కోసం రూపొందించిన పద్ధతిని వెల్లడించాక లెక్క పూర్తిగా తేలింది. వస్తువు సొంత రంగు వేరు, గరుకుదనం వేరు, లోహపు గుణం వేరు. ఫొటో నుంచి తీసుకోవలసింది సొంత రంగునే. అందుకే నేడు లెన్స్‌కూ ఫ్లాష్‌కూ పోలరైజింగ్ ఫిల్టర్లు అడ్డంగా తిప్పి బిగించి మెరుపును కూడా తీసేస్తున్నారు. పక్కన రంగుల పట్టీ పెట్టి అసలు రంగును సరిచూసుకుంటున్నారు.

బాహుబలి మాహిష్మతికి రూపమిచ్చిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన మకుట ఒకటి. ఇక్కడి కళాకారులకు ఇక్కడి రాయి, ఇక్కడి గోడ ఫొటోలు కావాలి. తాండూరు బండలు, కడప రాయి, సున్నం పెచ్చులూడిన పాత గోడలు, టేకు తలుపులు మీ ఊళ్లో ఉంటే మబ్బు పట్టిన రోజున ఎదురుగా నిలబడి, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఆ ఫిల్టర్లు లేకుండా ఫ్లాష్ మాత్రం వేయకండి.