మూడుల్ థీమ్‌ల కథ

ఆన్‌లైన్ పాఠాల సైటుకి థీమ్ మార్చడం అంటే గోడలకి సున్నం వేయడం లాంటిదే అనుకుంటాం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్తది ఎంచుకుంటే సరిపోతుంది. పాఠాలు, మార్కులు డేటాబేస్‌లో ఉంటాయి, వాటికేమీ కాదు. నిజమే. కానీ మూడుల్ చరిత్ర చూస్తే ఈ సున్నం పని చాలామందికి ఇల్లు మళ్లీ కట్టినంత పనైంది.

మూడుల్ 1.0 వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. చేసినాయన ఆస్ట్రేలియాకి చెందిన మార్టిన్ డౌగియామస్. చిన్నప్పుడు ఎడారి ప్రాంతంలో ఉండి రేడియోలో పాఠాలు నేర్చుకున్న మనిషి. దూరవిద్య అంటే ఏంటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో థీమ్ అంటే ముఖ్యంగా పైన హెడర్ ఫైలు, కింద ఫుటర్ ఫైలు, రంగులకి సీఎస్ఎస్. మధ్యలో కనిపించేదంతా ప్రోగ్రామే నేరుగా రాసేసేది. క్విజ్ పేజీ అమరిక మార్చాలంటే క్విజ్ కోడులోనే చెయ్యి పెట్టాలి. అప్‌గ్రేడ్ చేయగానే ఆ కష్టమంతా తుడిచిపెట్టుకుపోయేది.

2010 నవంబరులో వచ్చిన 2.0 దీన్ని సరిచేసింది. ఏం చూపించాలో ప్రోగ్రాం చెప్తుంది, ఎలా చూపించాలో థీమ్ చెప్తుంది. మధ్యలో రెండరర్ అనే పద్ధతి పెట్టారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. కాకపోతే 1.9 కోసం రాసిన థీమ్‌లు ఇందులో పనిచేయవు. కాలేజీలు లోగోలతో, రంగులతో ముచ్చటగా చేయించుకున్నవన్నీ మళ్లీ రాయించుకోవాల్సొచ్చింది.

తర్వాత ఫోన్ల కాలం. 2013లో 2.5తో క్లీన్ థీమ్ వచ్చింది, చిన్న స్క్రీన్‌కి సర్దుకునేది. 2016 డిసెంబరులో 3.2తో బూస్ట్ వచ్చింది. పాలల్లో కలుపుకునేది కాదండీ! ఇందులో మెనూ ఎడమపక్క సొరుగులోకి వెళ్లింది, బ్లాకులన్నీ కుడివైపుకి చేరాయి. ఏళ్ల తరబడి ఎడమపక్క చూడ్డం అలవాటైన టీచరుకి తన క్లాసులోనే దారి తప్పినట్టుంటుంది కదా.

2019లో 3.7 వచ్చేసరికి క్లీన్‌ని తీసేశారు. దాని మీద కట్టుకున్న చైల్డ్ థీమ్‌లకి పునాదే పోయింది. కానీ అదే వెర్షన్‌లో క్లాసిక్ అనే థీమ్ ఇచ్చారు. లోపల బూస్టే, పైకి మాత్రం పాత మూడు వరసల అమరిక. కొత్తది బాగుంది కదా అని జనం అలవాటుని కొట్టిపారేయలేదు. అది నాకు భలే నచ్చింది.

2022లో 4.0 బూస్ట్‌నే మళ్లీ మార్చి, ఎడమపక్క కోర్సు ఇండెక్స్ పెట్టింది. కాబట్టి మీ సైటు థీమ్ మార్చేముందు కాపీ సైటులో చూసుకోండి, సెలవుల్లో మార్చండి. పరీక్షల వారంలో మాత్రం ముట్టుకోకండి. బూస్ట్ మీద చైల్డ్ థీమ్ ఎలా రాయాలో వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తాను.