సమీకరణ సాధనలో ‘పక్షాంతరం’: సూర్యాపేట ప్రాంత బోధనాభాష – ఒక పరిశీలన

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకప్పటి హైదరాబాదు రాజ్యపు నల్లగొండ జిల్లాలోనివి. 2016 పునర్విభజనలో మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. ఈ ప్రాంత పాఠశాలలు ఉర్దూ, తెలుగు, ఆంగ్ల మాధ్యమాలను వరుసగా చూశాయి. మాధ్యమం మారినప్పుడు గణిత సోపానం వెనుక గల కారణం ఏమవుతున్నదో ఒక సమీకరణం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

“ఒక సంఖ్యకు మూడు రెట్లలో 5 తీసివేయగా 16 మిగిలింది. ఆ సంఖ్య ఎంత?” భాస్కరాచార్యుడి సంప్రదాయంలో అవ్యక్తరాశిని ‘యావత్తావత్’ అని, సంక్షిప్తంగా ‘యా’ అని అంటారు. అప్పుడు 3యా – 5 = 16. ఇరుపక్షాలకూ 5 కలిపితే 3యా = 21. ఇరుపక్షాలనూ 3చే భాగిస్తే యా = 7. సరిచూస్తే 21 – 5 = 16.

ఇందులో మొదటి సోపానమే కీలకం. 9వ శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ దీనిని ‘జబ్ర్’ అన్నాడు; తగ్గిన దానిని పూరించడమని అర్థం. ఇరువైపులా ఉన్న సజాతి పదాలను సమంగా తొలగించడం ‘ముఖాబలా’. ఉర్దూలో బీజగణితానికి ఈ రెండు క్రియల పేరే వాడుకలో ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లోని ‘పక్షాంతరం’ మాత్రం పదం ఒక పక్షం నుంచి మరొక పక్షానికి చేరడాన్ని చెబుతుంది. ఎందుకు చేరిందో చెప్పదు. అందుచేత “అటు పోతే గుర్తు మారుతుంది” అన్న సూత్రమే విద్యార్థికి మిగులుతుంది. ఆ సూత్రాన్నే గుడ్డిగా పట్టుకున్నవారు 3యా = 21 దగ్గర 3ను కూడా గుర్తు మార్చి, 21 – 3 = 18 అని రాస్తారు.

రేఖాగణితంలో ఈ లోపం తక్కువ. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అనే విభాగాలు ప్రతి వాక్యానికీ కారణం అడుగుతాయి.

మాతృభాషలో ప్రాథమిక విద్యను కోరిన ఆంధ్ర మహాసభ 1941లో కోదాడ సమీపంలోని చిలుకూరులో, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. ఆ కోరిక సారం అర్థమయ్యే భాషలో చదువు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమంతోపాటు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పక్కపక్కన రెండు భాషలున్న ఆ పుటల్లో ప్రతి సోపానం ఎదుట “ఇరుపక్షాలకూ 5 కలుపగా” వంటి కారణవాక్యాన్ని చేర్చడం అవసరం. బీజగణితానికి కూడా ఉపపత్తి పద్ధతిని వర్తింపజేయడం ఇక్కడి ఉపాధ్యాయులు వెంటనే చేపట్టగల పని.