పందికొక్కులకు ఎయిర్ రైఫిల్: పవర్ ఎంత ఉండాలి, చట్టం ఏమంటుంది?

హనుమకొండ: వరంగల్ ఏనుమాముల మార్కెట్ మొదలు హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల రైస్ మిల్లులు, ధాన్యం గోదాముల దాకా పందికొక్కుల బెడద అందరికీ తెలిసిందే. బస్తాలు కొరుకుతాయి, గోడల కింద బొరియలు తవ్వుతాయి. మందు పెడదామంటే ఇంట్లో పిల్లలు, కోళ్లు, పిల్లి ఉంటాయి. అందుకే కొందరు ఎయిర్ రైఫిల్ వైపు చూస్తున్నారు. పవర్ తగ్గించుకునే, పెంచుకునే రకాలు కూడా వచ్చాయి. కొనేముందు తెలుసుకోవాల్సినవి ఇవి.

లైసెన్స్ ఎప్పుడు అక్కర్లేదు?

2016 ఆయుధ నియమాల ప్రకారం రెండు షరతులూ కలిస్తేనే లైసెన్స్ అవసరం ఉండదు. ఒకటి, గొట్టం సైజు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు, పెల్లెట్ బయటికి వచ్చేటప్పటి శక్తి 20 జూళ్లు మించకూడదు. విదేశీ వీడియోల్లో కనిపించే 0.22, 0.25 సైజు రైఫిళ్లు ఇక్కడ లైసెన్స్ లేకుండా కుదరవు.

పవర్ మార్చుకునే రైఫిల్ అయితే ఒక ప్రశ్న తప్పక అడగాలి: "పూర్తి పవర్‌లో ఎన్ని జూళ్లు?" తక్కువ మీద పెట్టి వాడుకుంటామంటే సరిపోదు, ఫుల్‌లో పెట్టినా 20 లోపే ఉండాలి. ఆ అంకె రాసి ఉన్న కాగితం, బిల్లు దాచుకోవాలి.

స్పీడ్ అంకెకు మోసపోవద్దు

ప్రకటనల్లో జూళ్లు కాదు, స్పీడే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సుమారు అర గ్రాము బరువుండే మామూలు పెల్లెట్ సెకనుకు 240 మీటర్ల వేగంతో వస్తే శక్తి దాదాపు 15 జూళ్లు. అదే పెల్లెట్ 280 మీటర్ల వేగంతో వస్తే దాదాపు 20 జూళ్లు అవుతుంది. తేలిక పెల్లెట్ పెట్టి కొలిస్తే స్పీడ్ ఎక్కువ కనిపిస్తుంది, శక్తి మాత్రం అంత ఉండదు. ఏ బరువు పెల్లెట్‌తో కొలిచారో అడగకుండా స్పీడ్‌ని నమ్మకూడదు.

ఏ రకంలో పవర్ మార్చుకోవచ్చు?

స్ప్రింగ్ రైఫిల్: గొట్టం వంచి లోడ్ చేసేది. ధర తక్కువ, రిపేరు తేలిక. కానీ పవర్ మార్చే వీలు లేదు.

మల్టీ పంప్: ఎన్నిసార్లు పంపు కొడితే అంత పవర్. తక్కువ ఖర్చుతో పవర్ అదుపులో ఉంచుకోవచ్చు. ప్రతి షాటుకూ మళ్లీ పంపు కొట్టాలి, అదే ఇబ్బంది.

పీసీపీ: సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచేది, చాలావాటిలో 200 బార్ దాకా. కొన్ని మోడళ్లలో పక్కన తిప్పే చక్రంతో పవర్ మార్చుకోవచ్చు. ఎదురు తన్నదు, గురి బాగా కుదురుతుంది. ధర ఎక్కువ, పైగా పంపు ఖర్చు వేరు. ఇందులో పొడి గాలి మాత్రమే నింపాలి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ నింపితే పేలే ప్రమాదం ఉంది.

సీఓటూ గ్యాస్: మన ఎండాకాలంలో ఒత్తిడి పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. పవర్ నిలకడగా ఉండదు.

గోదాముకు ఎంత పవర్?

గోదాములో దూరం 10 మీటర్లు మించదు. అక్కడ 8 నుంచి 10 జూళ్లు చాలు. అంతకు మించితే పెల్లెట్ జంతువులోంచి దూసుకెళ్లి గోడకో, రేకుకో తగిలి తిరిగి రావచ్చు. మరీ తక్కువైతే జంతువు గాయంతో పారిపోయి బొరియలో నరకం చూస్తుంది. పవర్ మార్చిన ప్రతిసారీ పెల్లెట్ తగిలే చోటు కూడా మారుతుంది. కాబట్టి గోదాముకు ఒకటి, పెరటికి ఒకటి, రెండే సెట్టింగులు పెట్టుకుని, ఒక్కోదానికి కాగితం మీద గురి చూసుకుని గుర్తు పెట్టుకోవాలి.

ధాన్యం కుప్ప వైపు మాత్రం కాల్చకూడదు. పెల్లెట్లు సీసంతో చేసినవి. బియ్యంలో కలిస్తే పిల్లల ఒంటికి విషం.

వేటిని కాల్చకూడదు?

ఒకప్పుడు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 5లో కాకి, పండ్ల గబ్బిలం, ఎలుకలు హానికర జీవులుగా ఉండేవి. 2022 సవరణ ఆ షెడ్యూల్‌నే తీసేసింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. "కాకిని కొట్టినా తప్పు లేదు" అన్న పాత మాట ఇక చెల్లదు. కౌజులు, గువ్వలు, కొంగల జోలికి పోతే 3 ఏళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నెమలికైతే శిక్ష ఇంకా పెద్దది. ఇతరుల పశువునో, పెంపుడు కుక్కనో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 325 కింద 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది. కోతుల మీద కూడా ప్రయోగించకూడదు. వాటికోసం మున్సిపాలిటీనో అటవీ శాఖనో పిలవాలి. రాష్ట్రంలో కోతుల పునరావాస కేంద్రం నిర్మల్ జిల్లాలో ఉంది.

దీన్ మాట

ఎలుకను చంపడానికి హదీసుల్లో అనుమతి ఉంది. అయితే ప్రాణమున్న దాన్ని సరదాకు గురిగా పెట్టుకోవద్దని, చంపాల్సి వస్తే బాధ పెట్టకుండా చంపాలని కూడా అవే చెబుతాయి. సరిపడా పవర్, దగ్గరి దూరం, ఒక్క దెబ్బ అనేవి అందుకే ముఖ్యం. పెల్లెట్ దెబ్బకే చనిపోయిన పక్షి హలాల్ కాదని, ప్రాణముండగా జిబహ్ చేయాల్సిందేనని ఎక్కువ మంది ఉలమాల అభిప్రాయం.

ఇంట్లో జాగ్రత్తలు

• లైసెన్స్ అక్కర్లేదంటే బొమ్మ తుపాకీ అని కాదు. ఒక్క పెల్లెట్ కన్ను తీసేస్తుంది.
• గురి వెనక మట్టి గోడ లేదా ఇసుక బస్తా ఉండాలి. నయీంనగర్ లాంటి ఇరుకు బస్తీల్లో డాబా మీద నుంచి అసలు కాల్చొద్దు.
• రైఫిల్ ఒకచోట, పెల్లెట్లు ఇంకోచోట, రెండింటికీ తాళం. పిల్లల చేతికి ఇవ్వొద్దు.
• వాడాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చచ్చిన ఎలుకను గ్లౌజులతో తీసి లోతుగా పూడ్చాలి. ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది.

చివరగా, రైఫిల్‌తో ఒకటి రెండు చస్తాయి, దారి తెరిచి ఉంటే మళ్లీ వస్తాయి. ముందు కంతలు సిమెంటుతో మూసి, తలుపుల కింద రేకు కొట్టి, కిటికీలకు 6 మిల్లీమీటర్ల కన్నాల జాలీ బిగించాలి. ఆ తర్వాత బోన్లు పెట్టాలి. అప్పటికీ మిగిలిన మొండి పందికొక్కుకే ఎయిర్ రైఫిల్.