ఈ కోల్ట్ ఏ సంవత్సరానిది?

ఓక్లహోమా రాష్ట్రం, టల్సా. హాలు పొడవునా పాత తుపాకుల బల్లలు. మీ ముందు, ఆకుపచ్చ గుడ్డ మీద, ఒక కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్. పక్కనే అమ్మే ఆయన రాసి పెట్టిన అట్టముక్క: "కస్టర్ దళానిది. లిటిల్ బిగ్‌హార్న్, 1876."

అట్టముక్క సంగతి తర్వాత. ముందు తుపాకీని చదవండి.

"చూడొచ్చా?" అని అడిగి చేతిలోకి తీసుకుంటారు. బ్యారెల్‌ను మనుషులు లేని వైపు తిప్పి, హ్యామర్‌ను సగం వెనక్కి లాగి, కుడివైపు చిన్న తలుపు తెరుస్తారు. సిలిండర్‌ను ఒక్కో గడి తిప్పుతూ ఆరు గదులూ చూస్తారు. ఖాళీ.

ఇప్పుడు ఎడమవైపు. టార్చిలైటును ఏటవాలుగా పట్టి భూతద్దం పెట్టండి. ఫ్రేమ్ మీద మూడు పేటెంట్ తేదీలు, మూడు వరుసల్లో: 1871 సెప్టెంబర్ 19, 1872 జూలై 2, 1875 జనవరి 19. తొలినాటి తుపాకుల మీద మొదటి రెండే ఉండేవి. అంటే ఈ ఫ్రేమ్ 1875కు ముందుది కాదు. వాటి దిగువన 'యు.ఎస్.' అన్న ముద్ర, సైన్యం కొన్నదన్నమాట. కాళ్లెత్తిన గుర్రం బొమ్మ లేదు. అది వచ్చింది 1890 ప్రాంతంలో. సిలిండర్ ఇరుసును ముందువైపు నుంచి స్క్రూ పట్టి ఉంచింది. 1896 ప్రాంతం నుంచి ఆ చోట అడ్డంగా స్ప్రింగ్ మీట వచ్చింది. నంబరు చూడకముందే సంవత్సరం రెండు హద్దుల మధ్యకు వచ్చేసింది.

తిరగేయండి. ఫ్రేమ్ అడుగున నంబరు లక్షా నాలుగు వేల పైచిలుకు. సీరియల్ నంబర్ల పట్టికలో అది 1884. అమెరికా సైన్యాధికారి కస్టర్ లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో చనిపోయింది 1876 జూన్ 25న. అట్టముక్క మాట అక్కడితో తేలిపోయింది.

కానీ తుపాకీని కింద పెట్టకండి. పిడి వెనక పట్టీ మీద నంబరు వేరు: తొమ్మిది వేల పైచిలుకు. అది 1874 నాటి భాగం. ట్రిగ్గర్ గార్డు మీద ఇంకో నంబరు. మామూలు పౌరుడు కొన్న కోల్ట్‌లో నంబర్లు ఇలా కలవకపోతే ధర పడిపోతుంది. ఇక్కడ మాత్రం తొందరపడకూడదు. బ్యారెల్‌కు టేపు పెట్టండి: అయిదున్నర అంగుళాలు. సైన్యం కొన్నప్పటి పొడవు ఏడున్నర. వాల్‌నట్ పిడి మీద, సగం అరిగిన చట్రంలో, ఆర్.ఏ.సి. అనే అక్షరాలు: ఇన్‌స్పెక్టర్ రినాల్డో ఎ. కార్ ముద్ర.

ఇప్పుడు అసలు కథ బయటపడుతుంది. 1895 నుంచి సైన్యం తన పాత కోల్ట్‌లను మరమ్మతుకు పంపింది. బ్యారెళ్లు కోయించింది. విప్పిన భాగాలను కుప్పలుగా పోసి, నంబర్లు పట్టించుకోకుండా మళ్లీ బిగించారు. సేకర్తలు వీటిని 'ఆర్టిలరీ మోడల్' అంటారు. వీటిలో నంబర్లు కలవకపోవడం లోపం కాదు, అసలుదని చెప్పే సాక్ష్యం.

చివరగా అక్షరాల అంచులు చూడండి. ఎవరైనా మెరుగు పెట్టి ఉంటే అంచులు కరిగి, స్క్రూల చుట్టూ గుంటలు పడేవి. ఇక్కడ ఉక్కు బూడిదరంగుకు తిరిగినా గోటికి అంచు తగులుతోంది. పాత తుపాకీకి మెరుగు పెట్టడమంటే దాని దస్తావేజును చెరిపేయడమే. ఆ పని ఎప్పుడూ చేయకండి.

అమెరికా చట్టం లెక్కలో ఫ్రేమే తుపాకీ. 1899కు ముందు తయారైతే పురాతన వస్తువు. ఇది ఆ గీతకు ఇవతలే ఉంది.

"ఏ సంవత్సరానిది?" అని అమ్మే ఆయన అడుగుతాడు. ఒక్క సంవత్సరం చెప్పకండి. ఫ్రేమ్ 1884, వెనక పట్టీ 1874, కోత 1895లో గానీ ఆ తర్వాత గానీ. అట్టముక్క మీద ఉండాల్సింది ఈ మూడే. కస్టర్ పేరు లేకపోయినా దీని చరిత్రకు లోటేమీ లేదు.