కడప పీఠాధిపతి కిడ్నాప్, కులం, మన ఎస్టీ సర్టిఫికెట్

పోస్టు కొంచెం పొడుగుంటాది, ఓపిక చేసుకుని చదవండి.

పొద్దుటూరులో హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు నన్ను అడిగినాడు: "అన్నా, మా తాండాలో రెండు ఇండ్లోళ్లు చర్చికి పోతాండారు. వాళ్ల పిల్లోళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ ఇంక రాదంట, నిజమేనా?" కాదు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఈ భయం ఎక్కడినుంచి పుట్టిందో తెలియాలంటే మన జిల్లాలోనే జరిగిన ఒక సంగతి నుంచి మొదలుపెట్టాల.

2016 ఏప్రిల్ 25. కడప ఆర్సీఎం మేత్రాసనానికి అప్పుడు పీఠాధిపతి గల్లెల ప్రసాద్ గారు. పూజ చేసి తిరిగి వస్తాంటే దారిలో కారు ఆపి, ఆయన్నీ డ్రైవర్నీ ఎత్తుకుపోయినారు. కండ్లకు గంతలు కట్టి కొట్టి, మరుసటి రోజు పొద్దున వదిలేసినారు. మన సీమలో కిడ్నాప్ అంటే ఫ్యాక్షన్ అనుకుంటాం, డబ్బు అనుకుంటాం. డబ్బు మాట ఇక్కడా ఉంది. కానీ మే నెలలో పోలీసులు 14 మందిని అరెస్టు చేసినారు, వాళ్లలో ముగ్గురు ఫాదర్లు ఉన్నారని పేపర్లలో వచ్చేసరికి అందరూ నోరెళ్లబెట్టినారు. అరెస్టు అయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, అది గుర్తుపెట్టుకోండి. అయినా దీని వెనక కులం ఉందని, దళిత పీఠాధిపతి పెత్తనం కొందరికి మింగుడుపడలేదని అప్పుడు క్రైస్తవ పత్రికలే రాసినాయి.

దేవుని ముందర అందరూ సమానం అనే చోట ఇది ఎట్లొచ్చింది? రాత్రికి రాత్రి వచ్చింది కాదు.

రాయలసీమలోకి కతోలిక మతం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 1700ల మొదట్లో, ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలతో. పుంగనూరు వైపు నుంచి మొదలైన ఆ మిషన్లో పాదిరీలు సన్యాసుల మాదిరి కాషాయం కట్టి, మాంసం మాని, పెద్ద కులాలోళ్లకు దగ్గరైనారు. కులం జోలికి పోలేదు. అప్పుడు కలిసిన రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు దిక్కు వలసపోయినాయి. రెండోసారి 1875 తర్వాత, మిల్‌హిల్ పాదిరీలు నెల్లూరుకు వచ్చినాక. వెంటనే 1876-78 కరువు. కడప జిల్లాను ఊడ్చిపెట్టిన కరువు అది. ఆ కాలం నుంచి మాల, మాదిగలు గుంపులు గుంపులుగా మిషన్లలో చేరినారు. అంటే ఒకే గుడిలో ఒకరు కులం వదులుకోకుండా వచ్చినోళ్లు, ఇంకొకరు కులం బాధ తప్పించుకోను వచ్చినోళ్లు. 1976లో నెల్లూరు నుంచి విడిపోయి కడప మేత్రాసనం ఏర్పడినప్పుడు ఈ తగువు కూడా వాటాగా వచ్చింది.

(జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆస్పత్రి దీంట్లోది కాదు. అది లండన్ మిషన్ వాళ్లది, ప్రొటెస్టెంట్లు. 1949లో రాజశేఖర రెడ్డి గారు పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. మనోళ్లు అందరినీ కలిపి "చర్చోళ్లు" అంటారు, అందుకే చెప్తాండా.)

ఇంక చట్టం. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరాలో హిందువులకే ఎస్సీ హోదా అని రాసినారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు. క్రైస్తవులను కలపలేదు. అందుకే ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి పోయినోళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ, రిజర్వేషన్ 1 శాతం. ఊర్లో చూస్తే అంటరానితనం అట్లే ఉంది, కాగితంలో మాత్రం లేదు. దీని మీద 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసినారు.

షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు కూడా 1950దే. దాంట్లో మతం మాటే లేదు. సుగాలీ, యానాది, ఎరుకల ఏ దేవుణ్ణి మొక్కినా ఎస్టీనే. 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతం మారినంత మాత్రాన తెగ పోదనింది. కాకపోతే తెగ ఆచారాలు పూర్తిగా వదిలేసినారా లేదా అన్నది కేసును బట్టి చూడాలని మెలిక పెట్టింది. తమ్ముడు విన్న మాట ఎస్సీల రూలు. దాన్ని తెచ్చి మన మీద వేసినారు.

ఎందుకు వేస్తారంటే, డీలిస్టింగ్ అనే మాట కొత్తది కాదు. 1967లో కార్తీక్ ఉరావ్ అనే ఆదివాసీ ఎంపీనే మతం మారినోళ్లను జాబితా నుంచి తీసేయాలని పార్లమెంటులో పట్టుబట్టినాడు. అది చట్టం కాలేదు. ఆయన బాధలో కొంత న్యాయముంది: మిషన్ బడులున్న చోట పిల్లోళ్లు ముందుకు పోయినారు, మిగతావాళ్లు వెనకబడినారు. కానీ ఇప్పుడు ఈ డిమాండ్ ఎత్తుకున్నోళ్లలో ఎంతమంది మన తాండాకు బడి అడిగినారు? నాకైతే ఒక్కరూ కనపడలేదు. నేను చర్చికి పోయేవాణ్ణి కాదు, మా ఇంట్లో సేవాలాల్ మహరాజ్‌కే భోగ్ పెడతాం. అయినా ఇది అనుమానించాల్సిన విషయమే.

కతోలిక పెద్దలు ఏమన్నారు? 1988లో వాటికన్ జాతి వివక్ష మీద ఒక పత్రం రాసింది. 2003లో పోప్ రెండో జాన్ పాల్ తమిళనాడు బిషప్పులతో కులవివక్ష పనికిరాదని గట్టిగా చెప్పినాడు. కడప సంఘటన జరిగిన ఏడే, డిసెంబర్లో, భారత కతోలిక బిషప్పుల సభ దళిత సాధికారత విధానం తెచ్చి, చర్చిలో అంటరానితనం ఉందని ఒప్పుకునింది. మాటలు మంచివే. తెల్లోళ్ల మధ్య నల్లోడికి జరిగేదాన్ని గురించి మాట్లాడినంత సులువుగా, మన పక్కింటోడికి జరిగేదాన్ని గురించి మాట్లాడను వాళ్లకు శానా ఏండ్లు పట్టింది.

2022 ఆగస్టు 27న పూల ఆంతోని గారు కార్డినల్ అయినారు, దళితుల్లో మొట్టమొదటివాడు. పుట్టింది కర్నూలు జిల్లా పోలూరు. 1992లో ఫాదర్ అయింది మాత్రం మన కడప మేత్రాసనానికే.

తమ్ముడి తాండాలోని ఆ రెండు ఇండ్ల పిల్లోళ్లు ఎమ్మార్వో ఆఫీసుకు పోయినప్పుడు ఎవరైనా "చర్చికి పోతారా" అని అడిగితే, 1950 తెగల ఉత్తర్వులో ఆ ప్రశ్న ఎక్కడుందో చూపించమనండి. సర్టిఫికెట్ ఇవ్వము అంటే ఆ కారణం కాగితం మీద రాసివ్వమనండి. రాసిచ్చిన కాగితం ఫోటో గ్రూపులో పెట్టండి, ఏం చేయాలో కలిసి చూద్దాం.