విమానాశ్రయ ప్రాంగణంలో వాహనాలలో తుపాకులు పట్టుబడినపుడు వర్తించు చట్ట నిబంధనలు

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ప్రత్యేక వ్యాసం)

విమానాశ్రయానికి వచ్చిన వాహనంలో తుపాకీ గాని, తూటాలు గాని లభించినపుడు అందుకు బాధ్యులెవరన్న ప్రశ్న మొదటి గంటలోనే తలెత్తుతుంది. ప్రయాణికుడా, వాహన చోదకుడా, వాహన యజమానియా? ఆ గంటలో వ్రాసిన పంచనామా, ఆ సాయంత్రం వెలువడిన వార్త ఒక వ్యక్తి స్వేచ్ఛను, జీవనోపాధిని నిర్ణయించగలవు. అద్దె కారు నడుపుకొని జీవించే చోదకునికి ఇది మరింతగా వర్తిస్తుంది. ఈ ప్రశ్నకు ఆయుధాల చట్టం, 1959 స్పష్టమైన సమాధానమే ఇచ్చింది. అయితే ఆ సమాధానం చాలినంతగా ప్రచారంలోకి రాలేదు.

తనిఖీ చేసేది ఎవరు, దర్యాప్తు జరిపేది ఎవరు

1999 డిసెంబరు 24న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ-814 విమానం హైజాక్ అయిన తరువాత విమానాశ్రయాల భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్ఎఫ్) అప్పగించాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్ విమానాశ్రయంతో ఈ ప్రక్రియ ప్రారంభమైనది. 2007 జూన్ 30న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విమానాశ్రయ టెర్మినల్ ద్వారాన్ని గ్యాస్ సిలిండర్లు నింపిన జీపుతో ఢీకొట్టిన సంఘటన అనంతరం, ప్రయాణికుని సంచీతో పాటు అతడు వచ్చిన వాహనం కూడా భద్రతా సమస్యయేనని ప్రపంచమంతటా గుర్తించారు. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు ప్రారంభించే నాటికి ఈ దృక్పథం స్థిరపడినది.

సీఐఎస్ఎఫ్ సిబ్బంది ఆయుధాన్ని గుర్తించి, వ్యక్తిని నిలిపి, లిఖితపూర్వక ఫిర్యాదుతో స్థానిక పోలీసు స్టేషనుకు అప్పగిస్తారు. ప్రథమ సమాచార నివేదిక నమోదు, దర్యాప్తు, అభియోగపత్రం రాష్ట్ర పోలీసుల బాధ్యత. కనుక "సీఐఎస్ఎఫ్ కేసు పెట్టింది" అని వ్రాయడం సరికాదు.

వాహనంలో నలుగురుంటే

ఆయుధాల చట్టంలోని సెక్షన్ 35 ఈ సందర్భానికే ఉద్దేశించినది. పలువురి ఉమ్మడి స్వాధీనంలో గాని, ఉమ్మడి నియంత్రణలో గాని ఉన్న ఆవరణలో, వాహనంలో లేదా ఇతర స్థలంలో అక్రమ ఆయుధం లభించినపుడు, దాని ఉనికి తెలుసునని విశ్వసించుటకు కారణమున్న ప్రతి వ్యక్తీ, అందుకు విరుద్ధంగా రుజువు కానంత వరకు, ఆ నేరాన్ని తానొక్కడే చేసినట్లుగా బాధ్యుడవుతాడు. ఇందులో కీలకమైన మాట "తెలుసునని విశ్వసించుటకు కారణమున్న" అన్నది. వాహనంలో కూర్చున్నంత మాత్రాన ఎవరూ నిందితులు కారు. అదే విధంగా, "సంచీ నాది కాదు" అన్నంత మాత్రాన ఎవరూ బయటపడరు.

ఉదాహరణకు కర్నూలు నుండి అద్దె కారులో ముగ్గురు ప్రయాణికులు శంషాబాద్‌కు వచ్చినారనుకొందాము. డిక్కీలోని ఒక సంచీలో పిస్టల్ లభించినది. ఆ సంచీ ఎవరిది, డిక్కీలో ఎవరు పెట్టినారు, అందులో ఎవరి దుస్తులు, కాగితాలు ఉన్నవి, దారిలో దానిని ఎవరైనా తెరచినారా, డిక్కీ తాళం ఎవరి వద్ద ఉన్నది అన్న వివరాలన్నీ అక్కడికక్కడే నమోదు కావలసినవి. సంచీని ప్రయాణికుడు స్వయంగా సర్దుకొని పెట్టుకొన్నపుడు, లోపల ఏమున్నదో చోదకునికి తెలుసునని విశ్వసించుటకు సాధారణంగా కారణముండదు. అదే పిస్టల్ చోదకుని సీటు కింద లభిస్తే పరిస్థితి వేరు. ముందున్న గ్లోవ్ పెట్టెలో లభిస్తే ప్రశ్న మరింత జటిలం. ఈ తేడా పంచనామాలో కనబడనపుడు "కారులో తుపాకీ లభించినది" అన్న ఒక్క వాక్యం న్యాయస్థానంలో ఎవరికీ ఉపకరించదు. దోషి తప్పించుకొనుటకు, నిర్దోషి నెలల తరబడి తిరుగుటకు అదే కారణం కావచ్చును.

సుప్రీంకోర్టు ఈ విషయంలో రెండు ముఖ్యమైన సూత్రాలను నిర్దేశించినది. మధ్యప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులో 1972లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆయుధం కలిగియుండుట అంటే అది చేతిలో ఉండడమే కాదు. వస్తువు మరొకరి వద్ద ఉన్నప్పటికీ, దానిపై అధికారం, నియంత్రణ కొనసాగుతున్న వ్యక్తి స్వాధీనంలోనే అది ఉన్నట్లు. అయితే అతనికి ఆ విషయం తెలిసి ఉండవలెను. సంజయ్ దత్ కేసులో 1994లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, టాడా చట్టం సందర్భంలో, "స్వాధీనం" అన్న పదానికి తెలిసి కలిగియుండుట అనియే అర్థం చెప్పినది. తుపాకీని పార్కింగులోని కారులో ఉంచి టెర్మినల్‌లోకి వెళ్ళిన వ్యక్తికి ఈ రెండు సూత్రాలూ వర్తిస్తాయి. తాళం చెవి అతని జేబులో ఉన్నంత వరకు తుపాకీ కూడా అతని స్వాధీనంలోనే ఉన్నది.

వాహన యజమానులు గమనించవలసిన నిబంధన మరొకటి ఉన్నది. నేరం రుజువైనపుడు ఆయుధంతో పాటు దానిని తరలించిన వాహనాన్ని, దాచిన పెట్టెను కూడా జప్తు చేయుటకు సెక్షన్ 32 న్యాయస్థానానికి అధికారమిస్తున్నది. రవాణాలో ఉన్న పెట్టె లేదా మూటపై అనుమానం కలిగినపుడు వాహనంపై పనిచేయు వ్యక్తి పోలీసులకు తెలియజేయవలెనని సెక్షన్ 36 నిర్దేశిస్తున్నది. టాక్సీ సంఘాల సమావేశాలలో ఈ రెండు సెక్షన్లను వివరించడం పోలీసు అధికారులకు పెద్ద శ్రమ కాబోదు.

లైసెన్సు ఉన్నవారు, లేనివారు

పట్టుబడిన ప్రతి తుపాకీ అక్రమ ఆయుధం కాదు. లైసెన్సు చూపవలసినదిగా అడుగుటకు సెక్షన్ 19 పోలీసు అధికారికి అధికారమిచ్చినది. లైసెన్సులోని విశిష్ట గుర్తింపు సంఖ్య ఆధారంగా జాతీయ సమాచార నిధిలో వివరాలను సరిచూచుకొనవచ్చును. 2019 డిసెంబరు 14న అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారం లైసెన్సు కాలపరిమితి మూడేళ్ళ నుండి అయిదేళ్ళకు పెరిగినది. ఒక వ్యక్తి కలిగియుండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది. గడువు తీరిన లైసెన్సును చూపి వాదించుట వృథా.

రాష్ట్ర విభజన తరువాత తెలుగువారికి ప్రత్యేకంగా వర్తించే అంశం లైసెన్సు చెల్లుబాటయ్యే ప్రాంతం. లైసెన్సుపై ఈ ప్రాంతం స్పష్టంగా వ్రాసి ఉంటుంది. 2014 జూన్ 2కు పూర్వం కర్నూలు, శంషాబాద్ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఇప్పుడు తుంగభద్ర వంతెన దాటగానే తెలంగాణ. విజయవాడ నుండి వచ్చేవారికి గరికపాడు దాటిన తరువాత తెలంగాణ. ఆంధ్రప్రదేశ్‌కు మాత్రమే పరిమితమైన లైసెన్సుతో శంషాబాద్‌కు తుపాకీ తెచ్చుట షరతుల ఉల్లంఘనయే. విమానమెక్కు ఉద్దేశం లేకపోయినా, బంధువులను దింపుటకు మాత్రమే వచ్చినా ఇందులో మార్పు లేదు. లైసెన్సు దేశమంతటికీ చెల్లుబాటయ్యేదైతే ఈ చిక్కు లేదు.

యజమాని తుపాకీని చోదకునితో పంపుట మరొక తరచు పొరపాటు. లైసెన్సుదారుని సమక్షంలో, లేదా అతని లిఖితపూర్వక అనుమతితో, మరమ్మతుకు గాని, లైసెన్సు నవీకరణకు గాని, లైసెన్సుదారుని వినియోగానికి గాని మరొక వ్యక్తి ఆయుధాన్ని తీసుకొనిపోవచ్చునని సెక్షన్ 3 అనుమతిస్తున్నది. "అయ్యగారు కారులోనే ఉంచమన్నారు" అన్నది లిఖితపూర్వక అనుమతి కాదు.

శిక్షలు

లైసెన్సు లేకుండా తుపాకీ లేదా తూటాలు కలిగియుంటే సెక్షన్ 25(1బి)(ఎ) కింద 2019 సవరణ అనంతరం రెండేళ్ళకు తక్కువ కాకుండా అయిదేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంత సేపు కాల్చుచునే ఉండే ఆటోమేటిక్ తుపాకుల వంటి నిషిద్ధ ఆయుధాలకు సెక్షన్ 25(1ఎ) కింద ఏడు నుండి పద్నాలుగేళ్ళు. లైసెన్సు ఉండి దాని షరతులను ఉల్లంఘించినవారికి సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పద్నాలుగేళ్ళ శిక్షకు, ఆరు నెలల శిక్షకు మధ్యనున్న అంతరాన్ని "ఆయుధాల చట్టం కింద కేసు" అన్న మాట కప్పివేస్తుంది. సెక్షన్ సంఖ్య లేని పత్రికా ప్రకటన అసంపూర్ణమనియే చెప్పవలెను.

అరెస్టు తప్పనిసరియా

ఆయుధాల చట్టం కింద నేరాలు పోలీసులు వారంటు లేకుండా చర్య తీసుకొనదగినవి. అయినను, ఏడేళ్ళ వరకు శిక్ష పడదగిన నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని, కారణాలను నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని సెక్షన్ 35(3) హాజరు నోటీసుకు అవకాశమిస్తున్నది. రెండు చట్టాలలోను సంఖ్య 35 కావడం యాదృచ్ఛికం. వ్రాయునపుడు చట్టం పేరు విడువకుండా పేర్కొనుట మేలు. లైసెన్సుతో నిమిత్తం లేకుండా, ఆయుధాన్ని చట్టవిరుద్ధ ప్రయోజనానికి తీసుకొనిపోవుచున్నట్లు బలమైన అనుమానం కలిగించు పరిస్థితులలో ఆయుధాల చట్టం సెక్షన్ 20 కింద అరెస్టు చేయవచ్చును. ఈ అధికారం పోలీసులతో పాటు విమానం, రైలు, వాహనాలపై పనిచేయు సిబ్బందికి కూడా ఉన్నది.

సోదా, స్వాధీనముల ప్రక్రియను దృశ్య, శ్రవణ సాధనాలతో చిత్రీకరించవలెనని సురక్షా సంహిత సెక్షన్ 105 నిర్దేశించినది. సంచీ ఎక్కడ ఉన్నది, ఎవరు తెరచినారు అన్న వివాదాలకు ఈ చిత్రీకరణ చాలా వరకు తెరదించగలదు. కనుక డిక్కీ తెరచిన తరువాత కాక, తెరవడానికి ముందే చిత్రీకరణ మొదలు కావడం అవసరం. స్వాధీనం చేసుకొన్న ఆయుధం పనిచేయు స్థితిలో ఉన్నదా, అది ఏ తరగతికి చెందినది అన్న విషయాలను ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల నివేదిక తేల్చవలసియున్నది.

సెక్షన్ 3 ఉల్లంఘనపై ప్రాసిక్యూషన్ ప్రారంభించుటకు జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తప్పనిసరి (సెక్షన్ 39). పోలీసు కమిషనరేట్ ఉన్న ప్రాంతంలో ఈ చట్టం దృష్ట్యా జిల్లా మేజిస్ట్రేటు అంటే పోలీసు కమిషనరే. అరెస్టుకు ఈ అనుమతి అవసరం లేదు. అయితే దస్త్రం అనుమతికి వచ్చినపుడు, వాహనంలోని ప్రతి వ్యక్తికి విషయం తెలుసునన్న నిర్ణయానికి ఆధారమేమిటో విడివిడిగా పరిశీలించుటకు అధికారికి లభించే సరియైన అవకాశం ఇదే. నలుగురి పేర్లపై ఒకే వాక్యంతో అనుమతి ఇచ్చుట ఆ అవకాశాన్ని వదులుకొనడమే.

సంచీలో మిగిలిన ఒక్క తూటా

వాహనంలో లభించినా, ఎక్స్-రే యంత్రంలో కనబడినా ఒంటరి తూటా కేసులది వేరొక కోవ. లైసెన్సుదారుడైన తండ్రి సంచీని కుమారుడు తెచ్చుకొనుట, తుపాకులు సాధారణమైన దేశం నుండి వచ్చిన ప్రయాణికుని సంచీ అడుగున ఒక తూటా ఉండిపోవుట వంటివి ఈ కోవకు చెందుతాయి. అమెరికాలో 2023లో విమానాశ్రయాల తనిఖీ కేంద్రాల వద్ద 6,737 తుపాకులు పట్టుబడినట్లు అక్కడి రవాణా భద్రతా సంస్థ ప్రకటించినది. వాటిలో 90 శాతానికి పైగా తూటాలు నింపినవే. అక్కడ స్థిరపడిన తెలుగువారు స్వదేశానికి వచ్చునపుడు సంచీలను ఒకసారి దులిపి చూచుకొనుట అవసరం. ఇక్కడ తూటా ఒక్కటైనా లైసెన్సు కావలసినదే.

ఇటువంటి కేసులు పలుమార్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినవి. తుపాకీ ఏదీ లేకుండా ఒక్క తూటా మాత్రమే లభించి, అది తన వద్ద ఉన్నట్లు ప్రయాణికునికి తెలుసునని చూపు ఆధారం లేనపుడు న్యాయస్థానం అనేక కేసులను కొట్టివేసినది. ఇతర భాగాలతో కలిపి వినియోగించు ఉద్దేశం లేని చిన్న భాగాలకు చట్టం వర్తించదన్న సెక్షన్ 45(డి)ని కూడా కొన్ని తీర్పులలో ఆధారం చేసుకొన్నది. అయితే ఇది ప్రతి సందర్భంలోను లభించే మినహాయింపు కాదు. వాహనంలో పిస్టల్, సంచీలో దానికి సరిపడు తూటా లభించినపుడు ఈ వాదన నిలువదు.

ఎయిర్ గన్‌ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఆయుధాల నియమాలు, 2016 ప్రకారం 20 జౌల్స్‌కు మించిన శక్తి గాని, 0.177 అంగుళాలకు మించిన గొట్టపు వ్యాసం గాని ఉన్నవాటికి లైసెన్సు కావలెను. పోటీలకు వెళ్ళు క్రీడాకారుని కారులోని ఎయిర్ పిస్టల్‌ను "మారణాయుధం"గా వర్ణించుటకు ముందు ఈ రెండు కొలతలను తెలుసుకొనవలెను.

విమానంలో తీసుకొనిపోవు విధానం

లైసెన్సుదారులు తుపాకీని ప్రయాణికుల క్యాబిన్‌లోనికి తీసుకొనిపోరాదు. విమానయాన సంస్థకు ముందుగా తెలిపి, చెక్-ఇన్ వద్ద లైసెన్సును, అవసరమైన పత్రాలను చూపి, తూటాలు తొలగించిన తుపాకీని సామాను విభాగానికి అప్పగించవలెను. అంతర్జాతీయ నిబంధనల మేరకు తూటాల బరువు ఒక్కొక్కరికి 5 కిలోలకు మించరాదు. విమానయాన సంస్థలు దీనిని ఇంకా తగ్గించవచ్చును. ఈ విధంగా వచ్చు ప్రయాణికుడు వాహన తనిఖీ వద్దనే తన వద్ద తుపాకీ ఉన్నదని చెప్పి లైసెన్సు చూపుట ఉత్తమం. తానుగా చెప్పిన వ్యక్తికి, సోదాలో బయటపడిన వ్యక్తికి మధ్య ఉన్న తేడాను సిబ్బంది తమ నివేదికలో వ్రాయవలెను.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులోనున్నపుడు జిల్లా యంత్రాంగం ఆయుధాల డిపాజిట్‌కు ఆదేశాలిచ్చి, వాటిని బహిరంగంగా తీసుకొని తిరుగుటను నిషేధిస్తుంది. ఆ కాలంలో చెల్లుబాటయ్యే లైసెన్సు కూడా సరిపోదు. ఈ ఆదేశాలను ఉల్లంఘించినవారిపై భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223 కింద కూడా కేసు నమోదు చేయవచ్చును.

పత్రికా ప్రకటనలు వ్రాయు అధికారులకు, వార్తలు వ్రాయు పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. ఆయుధం వాహనంలో ఏ చోట లభించినది, ఏ రకమైనది, తూటాలు నింపి ఉన్నదా, లైసెన్సు ఉన్నదా, అది ఏ ప్రాంతానికి, ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఏ సెక్షన్ కింద కేసు నమోదైనది, ఎవరిని అరెస్టు చేసినారు, ఎవరికి నోటీసు ఇచ్చి పంపినారు అన్నవి మొదటి ప్రకటనలోనే ఉండవలెను. చోదకుని సాక్షిగా విచారించి పంపివేసినపుడు "నలుగురు పట్టుబడినారు" అని వ్రాయరాదు. అతని పేరు, వాహనం సంఖ్య ప్రకటించుట కూడా అవసరం లేదు.